చిన్న కవచ బండి మీద పెద్ద ఆయుధం: ఏది మోస్తుంది, ఏది మోయలేదు

పోయిన వేసవిలో దేవరకొండ దగ్గర మా అక్కవాళ్ల చెల్కలో బోరు వేయించాం. బోరు లారీ వచ్చి ఆగగానే నాలుగు జాకీలు దింపి టైర్లను నేల మీంచి లేపారు. డ్రిల్లు సంగతి ఆ తర్వాతే. మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు, సైన్యంలో ఆఫీసర్ కావడానికి ఎన్డీఏ పరీక్ష రాయాలని పట్టుదల. "ఎందుకు మామా అట్ల లేపుతున్నరు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే డ్రిల్లర్ చెప్పాడు, టైర్ల మీద నిలబెట్టి తవ్వితే బండి ఊగుతుంది, రాడ్డు వంకర పోతుంది అని.

ఆ రాత్రి వాడు ఫోన్లో ఆడే గేమ్ చూపించాడు. అందులో జీపుకు కొంచెం పెద్ద బండి, దాని నెత్తిన ట్యాంకు ఫిరంగి అంత గొట్టం. "నిజంగా ఆర్మీలో చిన్న బండి మీద ఏది పెడితే బెస్ట్ మామా?" అని అడిగాడు. మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీలో 17 ఏళ్లు చేసినవాణ్ని, అందులో ఎక్కువ కాలం బీఎంపీ అనే, సైనికుల్ని మోసే కవచ బండి గన్నర్ సీట్లో కూర్చున్నవాణ్ని. ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. వాడి కోసం, వాడిలాంటి పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

పొద్దున చూసిన జాకీల దగ్గరే మొదలుపెడదాం. పేల్చిన ప్రతి ఆయుధం బండిని వెనక్కి తంతుంది. బోరు లారీకి జాకీలు దింపుకునే తీరిక ఉంటుంది, యుద్ధంలో ఉండదు. పరుగెత్తుతూనో, ఆగిన మరుసటి క్షణంలోనో కాల్చాలి. ఆ తన్నును టైర్లూ, సస్పెన్షనూ, బండి బరువూ భరించాలి. తేలిక బండి అయితే ప్రతి దెబ్బకూ ఊగుతుంది, రెండో గుండు మొదటిది పడ్డ చోట పడదు. ఆయుధాన్ని నెత్తిన పెడతాం కాబట్టి ఎత్తు కూడా చూసుకోవాలి. పత్తి లోడు ఎత్తుగా కట్టిన ట్రాలీ జిన్నింగ్ మిల్లు మలుపులో ఎలా వాలుతుందో మన దగ్గర చూడనివాళ్లు ఉండరు. గుట్టల దారిలో కవచ బండికీ అదే గతి.

తేలిక కవచ బండి అంటే ఎంత బరువుది? అమెరికా సైన్యం జీపులాంటి బండి హమ్వీ, కవచం వేస్తే 5 టన్నుల అటూ ఇటూ. రష్యా వాళ్ల పాత బీఆర్‌డీఎం-2 ఏడు టన్నులు. మన సారథ్, అంటే సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో తయారైన బీఎంపీ-2, 14 టన్నులకు కొంచెం పైన. నా లెక్కలో అది తేలిక బండికి పై అంచు. మన సైన్యం 2021 మార్చిలో మహీంద్రా కంపెనీకి 1300 లైట్ స్పెషలిస్ట్ వాహనాలకు ఆర్డర్ ఇచ్చింది, విలువ 1056 కోట్లు. వాటి మీద మీడియం మెషీన్ గన్, ఆటోమేటిక్ గ్రెనేడ్ లాంచర్, ట్యాంకు విధ్వంసక క్షిపణి పెట్టుకోవచ్చని ప్రభుత్వమే చెప్పింది. 30 మి.మీ. ఫిరంగి ఆ జాబితాలో లేదు. ఎందుకు లేదో కింద తెలుస్తుంది.

ముందుగా 12.7 మి.మీ. హెవీ మెషీన్ గన్. ఈ మి.మీ. అంకె గొట్టం లోపలి వెడల్పు. ఎవరైనా నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటాను, కారణాలు బోలెడు. అమెరికా వాళ్ల ఎం2 బ్రౌనింగ్ మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో పుట్టిన డిజైన్, 1933 నుంచి దాదాపు ఇదే రూపంలో నడుస్తోంది. గన్ ఒక్కటే 38 కిలోలు. మన దగ్గర టీ-72 ట్యాంకుల మీద కనిపించే ఎన్ఎస్‌వీ ఇంకా తేలిక, 25 కిలోలే. నిమిషానికి 700 నుంచి 800 రౌండ్ల వేగం. రెండిటికీ 1800, 2000 మీటర్ల దాకా పనికొచ్చే దెబ్బ ఉంటుంది. ఇటుక గోడ చాటున, లారీ ఇంజిన్ చాటున దాక్కున్నవాడికి 7.62 మెషీన్ గన్ దగ్గర దొరికే భరోసా దీని దగ్గర దొరకదు.

అయినా నేను దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం తూటా పెట్టె. 12.7 మి.మీ. తూటాలు 100 ఉన్న పెట్టె 16 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఎనిమిది పెట్టెలు వేసుకున్నా 130 కిలోలు దాటదు, అంటే ఇద్దరు మనుషుల బరువు. అలాగని 800 రౌండ్లు చాలా ఎక్కువ అనుకోవద్దు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే రెండు నిమిషాల్లోపే ఖాళీ. అందుకే శిక్షణ ఇచ్చే ఉస్తాదులు మొదటి రోజు నుంచే ఐదారు రౌండ్ల బరస్ట్ అలవాటు చేయిస్తారు. ఎక్కువ నొక్కితే తూటాలతో పాటు బ్యారెల్ కూడా పోతుంది.

పాత ఎం2తో ఒక తలనొప్పి ఉంది. బ్యారెల్ మార్చిన ప్రతిసారీ బోల్టుకూ బ్యారెల్‌కూ మధ్య సందును గేజి పెట్టి సరిచూసుకోవాలి. తేడా వస్తే గన్ మొరాయిస్తుంది, ఇంకా తప్పితే తూటా అక్కడే పగిలి గన్నర్ చేతికే దెబ్బ. తర్వాత వచ్చిన ఎం2ఏ1లో ఈ గొడవ తీసేశారు, బ్యారెల్ పెట్టి తిప్పితే చాలు. ఎంపిక చేతిలో ఉన్నవాడు ఈ తేడాకు డబ్బు పెట్టాలి. రాత్రిపూట చలిలో, చేతి గ్లౌజులతో గేజి వెతుక్కోవడం ఎలా ఉంటుందో కాగితం మీద కనపడదు.

దీనికి పెద్దన్న 14.5 మి.మీ. కేపీవీ. గన్ 50 కిలోలకు ఒకటి తక్కువ. బీఆర్‌డీఎం-2, బీటీఆర్ బండ్ల నెత్తిన తిరిగే చిన్న గూళ్లలో, అంటే టరెట్లలో, ఉండేది ఇదే. నాటో వాళ్లు కవచాలకు మెట్లు పెట్టుకున్నారు, నాలుగో మెట్టు అంటే ఈ 14.5 తూటాను 200 మీటర్ల నుంచి ఆపగలగాలి. ఎదుటి బండి కవచం ఏ మెట్టో తెలిస్తే మన ఆయుధం పనికొస్తుందో లేదో సగం తేలిపోతుంది. రెండో మెట్టు బండి ఏకే తూటాను ఆపుతుంది, 12.7 దగ్గర దానికి గ్యారంటీ లేదు. అది మన బండికీ వర్తిస్తుందని మాత్రం మరిచిపోవద్దు.

గ్రెనేడ్ లాంచర్, అదే మేం ఏజీఎల్ అనేది, వేరే జాతి. అమెరికా మార్క్ 19లో 40 మి.మీ. గ్రెనేడ్లు బెల్టుగా వస్తాయి. గన్ 35 కిలోలు, 1500 మీటర్ల దాకా గురి, ఊరికే విసిరితే 2200 మీటర్ల దాకా. దాని కవచ భేదక గ్రెనేడ్ 50 మి.మీ. ఉక్కును చీల్చగలదు, కాబట్టి తేలిక బండ్లకు ఇదీ ప్రమాదమే. మన సైన్యం వాడే రష్యన్ ఏజీఎస్-17 అందులో సగం బరువు, 18 కిలోలు, గ్రెనేడ్ 30 మి.మీ.ది, 1700 మీటర్ల దాకా పోతుంది.

దీని గొప్ప అంతా వంపులో ఉంది. మెషీన్ గన్ తూటా నేరుగా పోతుంది, గట్టు అడ్డమొస్తే అక్కడే ఆగుతుంది. గ్రెనేడ్ గట్టు మీంచి ఎగిరి అవతలి గుంటలో పడుతుంది. నాగార్జునసాగర్ దారిలో కనిపించే రాతి గుట్టలు, వాగుల ఒడ్లు గుర్తు తెచ్చుకోండి. అలాంటి నేలలో చాటున ఉన్నవాణ్ని బయటికి రప్పించడానికి దీన్ని మించింది లేదు.

దీని లోపం కూడా ఆ వంపులోనే ఉంది. గ్రెనేడ్ సెకనుకు 240 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది, 12.7 తూటా 890 మీటర్ల చుట్టుపక్కల. 1500 మీటర్ల దూరం పోవడానికి తూటాకు దాదాపు 3 సెకన్లు పడితే గ్రెనేడ్‌కు 6 సెకన్లకు పైనే. ఈలోగా గంటకు 40 కిలోమీటర్లతో పోయే బండి 65 మీటర్లు జరిగిపోయి ఉంటుంది. కదిలే లక్ష్యం మీద ఏజీఎల్ వాడడమంటే ఎగిరే కొంగ మీద వడిసెల రాయి విసరడమే. మరీ దగ్గర్లోకి వచ్చినవాడి మీద కూడా వాడలేం, ముక్కలు మన మీదికే వస్తాయి. పైగా 48 గ్రెనేడ్ల పెట్టె 28 కిలోలు, పూర్తి వేగంతో నొక్కితే 8 సెకన్ల ముచ్చట.

అందుకే 12.7, ఏజీఎల్ రెండిట్లో ఏది అని అడిగితే రెండు బండ్లు ఉన్నప్పుడు చెరొకటి పెట్టమంటాను. ఒకటి తల ఎత్తనివ్వకుండా చేస్తుంది, రెండోది దాక్కున్న చోటును దులుపుతుంది. ఒకే బండి ఉంటే 12.7.

ఇక నాకు చేయి తిరిగిన ఆయుధం, 30 మి.మీ. ఫిరంగి. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి. బీఎంపీ-2లో ఉండే 2ఏ42 గన్ ఒక్కటే 115 కిలోలు. రెండు వైపుల నుంచి రెండు బెల్టులు వస్తాయి, ఒకటి పేలే గుండ్లు, ఇంకొకటి కవచం చీల్చే గుండ్లు. స్విచ్ మారిస్తే బెల్టు మారుతుంది. వేగానికీ రెండు మెట్లు, నెమ్మదిగా అయితే నిమిషానికి 200 నుంచి 300, వేగంగా అయితే 550కి పైనే. బ్యారెల్ 74 డిగ్రీల దాకా పైకి లేస్తుంది. మైదానంలో దీని విలువ తెలియదు. లోయ అడుగున బండి, పైన గుట్ట అంచున శత్రువు ఉన్నప్పుడు మాత్రం, అంత పైకి లేవని గన్ ఉన్నవాడు ఆకాశం వంక చూస్తూ కూర్చోవాల్సిందే.

ఇంత మంచిదైతే చిన్న బండి మీద ఎందుకు పెట్టరు? గుండు ఒక్కటి 800 గ్రాములకు పైనే. బీఎంపీలో వేసే 500 గుండ్లు కలిపి 400 కిలోలు దాటుతాయి. గన్, గుండ్లు, టరెట్, దాన్ని తిప్పే మోటార్లు కలిపితే ఐదు టన్నుల బండికి అడుగు ముందుకు పడదు. పడినా కవచం తగ్గించుకోవాలి. 14 టన్నుల బీఎంపీ కూడా వేగం మెట్టులో కాలిస్తే ఊగుతుంది. లోపల కూర్చుని అనుభవించినవాణ్ని. గన్ పొగ టరెట్లోకే వచ్చేది, పెద్ద బరస్ట్ తర్వాత కళ్లు మండేవి. దూరంలో ఉన్న లక్ష్యం మీద నెమ్మది మెట్టే వాడేవాళ్లం, మూడు నాలుగు గుండ్లు కొట్టి, చూసుకుని, మళ్లీ. ఇదే గన్ నావిక రూపాన్ని మన నావికాదళం కూడా ఓడల మీద వాడుతుంది, మెదక్ గన్ అంటారు. ఓడ తన్నుకు కదలదు కదా.

రష్యా వాళ్లు ఈ తన్ను గొడవ కోసమే 2ఏ72 అనే తేలిక తమ్ముణ్ని చేశారు, 84 కిలోలు. బీటీఆర్-80ఏ చక్రాల బండి మీద పెట్టారు. అమెరికా వాళ్లది ఇంకో దారి. హెలికాప్టర్ల మీద వాడే పొట్టి 30 మి.మీ. గుండుతో ఎం230 గన్‌ను నేల బండ్లకు తెచ్చారు. గుండు పొట్టి కాబట్టి తన్ను తక్కువ, గన్ 73 కిలోలు, నాలుగైదు టన్నుల బండి కూడా మోయగలదు. దూరపు కవచం మీద పొడుగు గుండు చేసే పని ఇది చేయలేదు. కానీ పేలుడు గుండుగా, ముఖ్యంగా డ్రోన్ల మీద, మంచి పేరు తెచ్చుకుంది. చిన్న బండికి ఫిరంగి కావాలని ఎవరైనా పట్టుబడితే ఈ పొట్టి గుండు వైపు చూడమంటాను. పొడుగు గుండు 2ఏ42ను 12 టన్నులకు తక్కువ బండి మీద పెట్టవద్దు, ఇది నా సొంత గీత.

ఆర్సీఎల్, అంటే వెనక్కి తన్నని రీకాయిల్‌లెస్ గన్, దాని గురించి చెప్పకుండా పోతే పాత సిపాయిలు ఊరుకోరు. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ సెక్టార్లో, 4 గ్రెనేడియర్స్‌కు చెందిన కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన 106 మి.మీ. ఆర్సీఎల్‌తో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను ఒకదాని తర్వాత ఒకటి పడగొట్టాడు. చెరకు చేను చాటున కాల్చడం, వెంటనే చోటు మార్చడం. చివరికి అక్కడే ప్రాణం వదిలాడు, పరమవీర చక్ర వచ్చింది. పేరుకు 106 గానీ నిజానికి గొట్టం 105 మి.మీ.దే, పాత 105 గుండ్లతో కలిసిపోకుండా అలా పిలిచారు. గన్ 200 కిలోలకు పైన ఉన్నా జీపు మోయగలిగింది, ఎందుకంటే వెనక్కి తన్నే శక్తిని మంటగా వెనక నుంచి వదిలేస్తుంది. జీపు కదలదు. ఆ మంటా దుమ్మూ మాత్రం కిలోమీటర్ల దూరానికి కనిపిస్తాయి. రెండో దెబ్బకు అక్కడే ఉంటే నీ పని అయిపోయినట్టే. ఇప్పటి ట్యాంకు ముందు భాగాన్ని అది చీల్చలేదు, గురి దూరమూ 1300 మీటర్ల చుట్టుపక్కలే. కొత్తగా ఎంచుకునేవాడికి సలహా ఇవ్వను.

క్షిపణి దాని స్థానంలోకి వచ్చింది. బీఎంపీ టరెట్ మీద కాంకర్స్ అనే ట్యాంకు విధ్వంసక క్షిపణి ఉంటుంది, తయారయ్యేది మన భారత్ డైనమిక్స్ వాళ్ల భానూరు ఫ్యాక్టరీలోనే. కాంకర్స్-ఎం 75 మీటర్ల నుంచి 4 కిలోమీటర్ల దాకా పనిచేస్తుంది. తన్ను లేదు, గొట్టంతో సహా 26 కిలోలు. ఏ బండైనా మోస్తుంది. 1987లో చాద్ దేశంలో లిబియా కవచ దళాలను టయోటా పికప్‌ల మీద నుంచి మిలాన్ క్షిపణులతో కొట్టారు, ఆ యుద్ధానికే టయోటా యుద్ధం అని పేరు పడింది. మా అల్లుడి గేమ్‌లో వాడికి ఇదే ఇష్టం. ట్యాంకును పడగొట్టేది క్షిపణి అయినప్పుడు మిగతావి ఎందుకు అంటాడు.

రేటు చూడరా అన్నాను. 2021 మార్చిలోనే మిలాన్-2టీ క్షిపణులు 4960 కొనడానికి 1188 కోట్ల ఒప్పందం జరిగింది. భాగిస్తే ఒక్కోటి దాదాపు 24 లక్షలు, అంటే ట్రాలీలతో సహా రెండు మంచి ట్రాక్టర్లు. ఇందాక చెప్పిన 1300 బండ్లను అలాగే భాగిస్తే ఒక్కో బండి 81 లక్షలు. మూడు నాలుగు క్షిపణులు పేలిస్తే బండి ఖరీదు గాల్లో కలిసినట్టే. గట్టు మీద ఉన్న ఇద్దరు మనుషుల కోసం అది వాడలేవు.

ఇంకొకటి, టైం. కాంకర్స్ 4 కిలోమీటర్లు పోవడానికి 20 సెకన్లు పడుతుంది. వెనక తీగ లాక్కుంటూ పోతుంది, గన్నర్ ఆ 20 సెకన్లూ గురిని ట్యాంకు మీదే పట్టుకోవాలి. అవతలివాడు పొగ వదిలాడా, మన మీద కాల్పులు మొదలుపెట్టాడా, చేయి వణికితే అంతే సంగతి. బీఎంపీ మీద ఇంకో కష్టం, ఒకటి పేల్చాక రెండోది పెట్టాలంటే పైమూత తెరిచి బయటికి రావాలి. స్పైక్‌లాంటి పేల్చి వదిలేసే క్షిపణులకు ఈ బాధ లేదు, వదిలిన వెంటనే బండి కదిలిపోవచ్చు. ఖరీదు మాత్రం ఇంకా ఎక్కువ. మన దేశపు కొత్త క్షిపణి, మనిషి మోసుకెళ్లేది, ఆలంపూర్ అవతల తుంగభద్ర దాటాక కర్నూలు రేంజిలో పరీక్షలు జరుపుకుంది. అదీ పేల్చి వదిలేసే రకమే.

81 మి.మీ. మోర్టార్‌ను బండి మీద పెట్టడం కూడా ఉంది, బీఎంపీ బాడీ మీద మన దగ్గర అలాంటిది చేశారు. అది వెనక ఉండి ముందువాళ్లకు సాయం చేసేది, ముఖాముఖి ఆయుధం కాదు. పక్కన పెడదాం.

ఏ ఆయుధమైనా దాన్ని ఎవరు, ఎక్కడి నుంచి తిప్పుతారన్నది కొనేవాళ్లు చివర్లో ఆలోచిస్తారు. నేనైతే మొదట్లో ఆలోచిస్తాను. పైమూతలో నిలబడి తిప్పితే గన్నర్‌కు చుట్టూ కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది, జామ్ అయితే చేత్తో సరిచేసుకుంటాడు. కానీ ఛాతీ నుంచి పైకంతా బయటే. ఇరాక్‌లో హమ్వీ గన్నర్లు ఇలాగే ఎక్కువగా దెబ్బతిని, తర్వాత చుట్టూ కవచపు పలకలు పెట్టించుకున్నారు. లోపల స్క్రీన్ చూస్తూ నడిపే రిమోట్ స్టేషన్ అయితే మనిషి భద్రం, రాత్రి కెమెరా ఉంటుంది, పరుగులో కూడా గురి నిలుస్తుంది. బదులుగా పక్కచూపు పోతుంది, సొరంగంలోంచి చూసినట్టు ఉంటుంది. చాలా వాటికి బెల్టు అయిపోతే ఎవరో ఒకరు బయటికి ఎక్కాల్సిందే. నా మాట, ఫిరంగి కోసం దాచిన డబ్బు ఉంటే 12.7కే మంచి రిమోట్ స్టేషన్, మంచి రాత్రి కన్ను కొనండి. కనపడని లక్ష్యాన్ని 30 మి.మీ. కూడా కొట్టలేదు.

కాబట్టి మా అల్లుడికి ఇలా చెప్పాను. కాన్వాయ్ కాపలా, రోడ్డు గస్తీ అయితే 12.7 రిమోట్ స్టేషన్ మీద, ప్రతి మూడో బండికి ఏజీఎల్. గుట్టలూ లోయలూ ఉన్న చోట ఏజీఎల్ వాటా పెంచు. ఎదుటివాడికి ట్యాంకులున్నాయని తెలిస్తే క్షిపణి బండి తప్పనిసరి, దాన్ని ముందు నడిపించకు, వెనక గట్టు చాటున ఉంచు, దాని పక్కన మెషీన్ గన్ బండి ఒకటి కాపలా. ఫిరంగి కావాలంటే బండినే మార్చు, బీఎంపీ సైజుకు పో.

"మరి డ్రోన్లొస్తే?" అన్నాడు. మంచి ప్రశ్న. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ సమయంలో పాకిస్తాన్ డ్రోన్ల మీద మన వాళ్లు వాడినవాటిలో విమానాల్ని కొట్టే తుపాకులు, పాత ఎల్-70, జంట గొట్టాల జెడ్‌యూ-23, షిల్కా కూడా ఉన్నాయి. క్షిపణితో చౌక డ్రోన్‌ను కొట్టడం నష్టం బేరం, తుపాకీ గుండే సరి. కర్నూలు రేంజిలోనే 2025 ఏప్రిల్‌లో బండి మీద పెట్టిన లేజర్‌తో డ్రోన్‌ను పడగొట్టి చూపించారు, కానీ అది ఇంకా పల్లె దారుల్లో తిరిగే చిన్న బండి సైజుకు రాలేదు. ఇప్పటికి చేతిలో ఉన్నది 12.7. నిటారుగా పైకి లేచే మౌంటు మీద పెట్టి, ఆకాశం చూసే కెమెరా తగిలించాలి. కొనేటప్పుడు బ్యారెల్ ఎన్ని డిగ్రీలు పైకి లేస్తుందో అడగరా, సేల్స్‌మన్ ఆ అంకె చివరి పేజీలో పెడతాడు అన్నాను.

వాడు ఫోన్ తీసి గేమ్‌లో ఆ అంకె కోసం వెతికాడు. లేదు. బయట కంప్రెసర్ లారీ ఇంకా మోగుతూనే ఉంది, 600 అడుగులు దాటింది, దుమ్మే వస్తోంది.